జలపతి మామ చూసింది, సత్యవ్వత్త విన్నది

మా జలపతి మామ టీవీ చూస్తాడు. సత్యవ్వత్త టీవీ వింటుంది. ఇద్దరూ ఒకే గదిలో, ఒకే టీవీ ముందు, ఒకే సీరియల్ పెట్టుకొని కూర్చుంటారు. అయిపోయాక ఇద్దరినీ విడివిడిగా కథ అడగండి. రెండు కథలు వస్తాయి. వాటి మధ్య దూరపు చుట్టరికం కూడా ఉండదు.

ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. మామ సిరిసిల్లలో సాంచెలు నడిపి నడిపి చెవులు పోగొట్టుకున్నాడు. సాంచె అంటే మరమగ్గం. ఒక రేకుల షెడ్డులో సాంచెలన్నీ ఒకేసారి ఆడుతుంటే పక్కన పిడుగు పడినా ఎవరో తలుపు వేశారనుకోవాలి. అత్తకు చెవులు బ్రహ్మాండంగా పనిచేస్తాయి. నాలుగిళ్ళ అవతల ఎవరింట్లో పోపు మాడినా ఆ చిటపట విని చెప్తుంది. కళ్ళు మాత్రం ఒడిలో ఉన్న చాట మీది నుంచి లేవవు. చాటలో తునికాకు, తంబాకు, దారం, కత్తెర. బీడీలు చేసే మనిషి టీవీ వైపు తలెత్తిందంటే ఆకు వంకర పోతుంది, మర్నాడు బీడీల కార్ఖానాలో మాట పడాలి. అందుకే ఇన్నేళ్ళుగా రోజూ వింటున్న సీరియల్‌లో పెద్ద కోడలి ముఖం ఎలా ఉంటుందో అత్తకు తెలియదు. ఆ పెద్ద కోడలే స్వయంగా ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగి పోయినా, నోరు తెరిచి మాట్లాడేదాకా అత్త గుర్తుపట్టదు.

డిగ్రీ రెండో ఏడాదిలో కాలేజీ మానేసి ఇంట్లో తిట్లు తింటున్న రోజుల్లో, సాయంత్రాలు నేను మేనమామ ఇంటికే పోయేవాణ్ణి. ఒక్క సీరియల్‌కు రెండు సీరియళ్ళు దొరికే చోటు సిరిసిల్ల మొత్తంలో ఇంకెక్కడుంది?

"గా పెద్ద కోడలు ఉత్త దొంగది" అని మొదలుపెట్టేవాడు మామ. చెవులు సరిగ్గా లేనివాడు కాబట్టి తన గొంతు ఎంతుందో తనకు తెలియదు. వీధంతా వినేది.

"నోర్ముయ్. దాని గొంతు ఎంత సల్లగుంటది! గసొంటి కోడలు నాకొస్తె కాళ్ళు కడిగి నెత్తిన సల్లుకుంట."

"నవ్వుతుంటె దాని కన్ను సూసినవా? నోరు ఇటు నవ్వుతది, కన్ను బీరువ తాళాల దిక్కు వోతది."

"నా కన్ను బీడీకే సాలుతలేదు. దాని కన్ను సూసెతందుకు ఇంకోటి ఏడికెళ్ళి తేవాలె?"

"సూడనిదానివి మల్ల నాతోని పంచాదెందుకు?"

"ఇననోనివి నువ్వెందుకు పెట్టుకుంటున్నవ్?"

ఇదీ రోజువారీ పాట. దీని మీద మామకు ఇంకో బాధ ఉండేది. సీరియల్‌లో ఒక పనిపిల్ల ఉండేది. చాయ్ ట్రే పట్టుకొని హాల్లోకి వచ్చేది. అదే సమయానికి కోడళ్ళిద్దరూ కొట్లాట మొదలుపెట్టేవాళ్ళు. కెమెరా ఒక్కొక్కరి ముఖం మీదికి మూడేసి సార్లు పోయేది, ఉరుములు ఉరిమేవి, సీరియల్ అయిపోయేది. మర్నాడు మళ్ళీ అదే హాలు, అదే కొట్లాట, మూలకు అదే పిల్ల, అదే ట్రే.

"అల్లుడా, గా పిల్లను ఎవలన్న పట్టించుకుంటుండ్రా? సోమారం సంది ట్రే పట్టుకొని నిలవడ్డది. చాయ్ సల్లారి పాసిపోయి ఉంటది. చేతులు గుంజుతయి పాపం."

"ఏ పిల్ల?" అనేది అత్త, ఆకు కత్తిరిస్తూ. "సీరియల్ల పనిపిల్ల లేనేలేదు."

ఆ పిల్లకు ఒక్క మాట కూడా రాయలేదు మరి. మాట లేనివాళ్ళు అత్త సీరియల్‌లో పుట్టలేదు.

మామకు ఈ చూపు ఊరికే రాలేదు. పడుచుతనంలో సిరిసిల్లలో పని లేక బొంబాయి పక్కన భీవండి పోయాడు. అక్కడ పగలంతా సాంచెలు, రాత్రంతా సాంచెల పక్కనే పడక. షెడ్డు కిటికీకి ఎదురుగా సేఠ్ ఇల్లు. సేఠ్ ఇంట్లో టీవీ. ఆదివారం పొద్దున దాంట్లో పురాణం సీరియల్ వచ్చేది. షెడ్డులో చప్పుడు కాబట్టి మాటలు వినబడవు. పైగా సేఠ్ ఇంటి బీరువా ఒకటి టీవీకి అడ్డం ఉండేది. అందువల్ల మామకు బొమ్మలో ఎడమ సగం మాత్రమే కనబడేది. రాజుగారు ఎంతో కోపంగా గద పైకెత్తి బీరువాను బెదిరించేవాడు. రాణిగారు వారాల తరబడి బీరువా ముందు ఏడ్చేది. కుడి సగంలో ఎవరున్నారో, ఏమన్నారో మామే కల్పించుకొని, సాంచెల మధ్య చేతి సైగలతో తోటివాళ్ళకు కథ చెప్పేవాడు. ఆ షెడ్డులో పనిచేసినవాళ్ళు ఈనాటికీ ఆ పురాణాన్ని మామ చెప్పినట్టే నమ్ముతారు. ఒకాయన దానికోసం గుడి పూజారితో తగువు కూడా పెట్టుకున్నాడు.

అక్కడ నేర్చుకున్న సూత్రం ఒకటి మామ దగ్గర ఉండేది. అది మాత్రం మెల్లగా చెప్పేవాడు, అంటే రెండిళ్ళకు మాత్రమే వినబడేట్టు.

"టీవీల మనం సూస్తున్నమనుకుంటం అల్లుడా. మనం సూస్తలేం. ఎవడో సూపెడుతుండు. వాడు ఏడ నిలవడి సూపెడుతుండో గది వట్టాలె ముందుగాల. బీరువ అవుతల ఏమున్నదో గప్పుడు ఎరుకైతది."

మామ దగ్గర ఉన్న మొత్తం చదువు ఇంతే. దీనితో సీరియళ్ళలో ఆయన పట్టిన దొంగల్లో సగం మంది మంచివాళ్ళని తేలింది.

చెవులకు మందు చూడలేదా అంటే చూశాం. జగిత్యాల తీసుకుపోయి చెవి మిషను పెట్టించాం. ఇంటికొచ్చి పెట్టుకోగానే మొట్టమొదట వినబడింది అత్త గొంతు. కాసేపు విన్నాడు. తర్వాత మిషను తీసి, జాగ్రత్తగా గుడ్డలో చుట్టి, దేవుడి పటం వెనక పెట్టేశాడు.

వీళ్ళకు ఇద్దరు పిల్లలు. కూతురు నవనీతను కోరుట్లలో ఇచ్చారు. అల్లుడిది టెంటుహౌజు పని. పెళ్ళిళ్ళకు పందిళ్ళు కట్టడం, కుర్చీలు వేయడం, తీయడం. కొడుకు సాగర్ తండ్రిలాగే సాంచెల పనిలోకి దిగాడు కానీ ఆ ఏడాది సాంచెలు ఆడిన రోజుల కన్నా ఆగిన రోజులే ఎక్కువ. జగిత్యాల ఏజెంటును పట్టుకొని దుబాయ్ పోయాడు. పోయేరోజు వార్డంతా సిరిసిల్ల బస్టాండుకు వచ్చి దండలు వేసింది. ఎన్ని దండలంటే కండక్టరు ఎమ్మెల్యే అనుకొని ముందు సీటు ఇచ్చాడు. అత్త ఏడ్చింది. మామ ఏడవలేదు గానీ, బస్సు పోయాక కూడా చాలాసేపు దాని వైపే చూస్తూ నిలబడ్డాడు. ఉన్నది ఒక్క కొడుకు.

సాగర్ ఆదివారం ఆదివారం వీడియో కాల్ చేసేవాడు. తంబాకు డబ్బాకు ఫోను ఆనించి పెట్టేవాళ్ళం. ఇక్కడ కూడా సీరియల్ పద్ధతే. మామ కొడుకును చూసేవాడు, అత్త కొడుకును వినేది. సాగర్ దుబాయ్‌లో ఇంత మీసం పెంచాడు, అది పెదవుల మీద పందిరిలా పరుచుకుంది. దాంతో మామకు పెదవుల కదలిక చూసి మాట పట్టే దారి కూడా పోయింది.

ఆ ఎండాకాలం ఒక ఆదివారం నేనూ అక్కడే ఉన్నాను.

"మంచిగున్నవా కొడుకా?"

"మంచిగున్ననమ్మా."

"తిన్నవా?"

"తిన్న. కంపెనీవోళ్ళు బిర్యానీ వెట్టిండ్రు."

"ఉక్క పోస్తుందా మీ దిక్కు?"

"ఏసీల ఉన్ననమ్మా. సలివెడుతుంది. కోటు ఏసుకున్న సూడు."

అత్త చూడలేదు. ఆకులో తంబాకు పోస్తూ, "ఏసీల ఉన్నడట, సలివెడుతుందట" అని మామ చెవిలో అరిచింది. మామ ఫోనుకు ఇంకా దగ్గరికి జరిగాడు. కంపెనీ కోటు వేసుకొని, మెడదాకా గుండీలు పెట్టుకొని, సాగర్ చల్లగా నవ్వుతున్నాడు. నుదుటి మీది నుంచి చెమట కారి మీసంలోకి ఇంకిపోతోంది.

కాల్ అయిపోయింది. మామ కదల్లేదు.

"ఫోనెవలు వట్టుకున్నరు?" అన్నాడు.

"ఎవలేంది? వాడే" అంది అత్త.

"వాని చేతులు రెండూ సూసిన నేను. ఒక చెయ్యి నెత్తి గోక్కుంది. ఇంకో చెయ్యి గుండి వెట్టుకుంది. మల్ల ఫోనును మూడో చేతితోని వట్టిండా?"

"గోడకు ఆనిచ్చిండు కావచ్చు మామా" అన్నాను చెవి దగ్గర.

"ఆనిస్తె కదులది. ఫోను మెల్లగ మీదికి కిందికి అయింది. ఊపిరి తీస్తుంది గది."

అత్త చేతిలో దారం ఆగింది. అది అరుదు. "గాజులు" అంది మెల్లగా. "గాజుల సప్పుడు ఇన్న నేను. వాడు మాట్లాడుతుంటె నడుమ నడుమ గల్లుమన్నయి."

ఆ మాట నేను మామ చెవిలో వేశాను. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెళ్ళైన నాటి నుంచి ఒక్క కథ మీద కూడా కలవనివాళ్ళు, మొదటిసారి ఒక కథ మీద కలిశారు.

"ఎనుక గులాబి రంగు పరద కట్టి ఉన్నది" అన్నాడు మామ. "మగోళ్ళ రూముల పరదలుంటయా?"

"ష్... అని కూడ ఇనవడ్డది ఒకపారి."

"పెండ్లి చేసుకున్నడు."

"నా కొడుకు నాకు కాకుంట వోయిండు!" అని అత్త చాటలో తంబాకు తడిసేట్టు ఏడుపు అందుకుంది.

ఏడుపు విన్నవాళ్ళలో అందరికంటే ముందు వచ్చేది పక్కింటి బుచ్చవ్వ. ఆమె మరిది కూడా దుబాయ్‌లోనే ఉంటాడు కాబట్టి దుబాయ్ విషయాల్లో వార్డుకు ఆమే పెద్ద దిక్కు.

"అక్కా, ఏడువకు. ఫిలిప్పీన్స్ పిల్ల అయి ఉంటది. మా మరిది చెప్పిండు, ఆడ అన్ని దుకాణాలల్ల వాళ్ళేనట. తెల్లగుంటరట."

"వాళ్ళు గాజులు ఏసుకుంటరా?" అన్నాను.

"మనోడు ఏయించి ఉంటడు. పద్ధతి గల పిలగాడు గదా."

సాయంత్రానికల్లా వార్డులో ఆ అమ్మాయికి ఒక పేరు వచ్చింది, ఉద్యోగం వచ్చింది. మరుసటి రోజు పొద్దున నీళ్ళ పంపు దగ్గర ఆమె నీళ్ళోసుకుందని కూడా తేలింది. అత్త రకరకాలుగా దిగులు పడింది. "దానికి మన మాటొస్తదా? బతుకమ్మ పేర్సుడొస్తదా? ఒక్క బీడీ అన్న చేస్తదా?" అని లెక్కపెట్టుకుంటూ, చివరికి అసలు దిగులు దగ్గరికి వచ్చేది. "ఇగ వాడు రాడు. ఆడనే ఉండిపోతడు. మనం సచ్చినా ఫోనులనే ఏడుస్తడు."

మామ సీరియల్ టైముకు టీవీ పెట్టి, టీవీకి వీపు చేసి కూర్చున్నాడు. పెద్ద కోడలు ఏ తాళం తీసినా, ఆ పిల్ల ట్రేతో ఎంతసేపు నిలబడినా ఆయనకు పట్టలేదు. అంతటి మనిషి టీవీకి వీపు పెట్టాడంటే లోపల ఏం జరుగుతోందో నాకు అప్పుడు అర్థమైంది.

అక్కతో చెప్పించి తమ్ముణ్ణి దారికి తేవాలని అత్త కోరుట్లకు ఫోన్ కొట్టింది. స్పీకరు పెట్టమంది, చేతులు ఖాళీ లేవు కదా.

"బిడ్డా, మీ తమ్ముడు ఎవతెనో చేసుకున్నడే!"

అవతల నవనీత దగ్గింది. తర్వాత ఇంకెవరో దగ్గారు.

"ఎవలన్నరమ్మా?"

"మీ బాపు సూసిండు, నేను ఇన్న."

"అట్లేం లేదమ్మా. వాడు ఎవతెనూ చేసుకోలే."

"నీకెట్ల ఎరుక?"

"నాకా? నాకెట్ల ఎరుకైతది! నేను కోరుట్ల ఉన్న, వాడు దుబాయ్ ఉన్నడు. కోరుట్ల ఏడ, దుబాయ్ ఏడ! నడుమ సముద్రమే ఉంటది అమ్మా!"

"పక్కకు దగ్గింది ఎవలే? అల్లుడు ఇంట్ల ఉన్నడా?"

"లేడు. అంటె... ఉన్నడు. ఇప్పుడే అచ్చిండు. మల్ల వోతుండు. కుక్కరు కూత వెడుతుందమ్మా, ఉంట."

అత్త ఫోన్ వైపు చూడకుండానే తల ఊపింది. "దీనికి ఏదో ఎరుక. తమ్ముని ఎనకేసుకొస్తుంది."

తర్వాతి ఆదివారానికి మామ పథకం సిద్ధం చేశాడు. పథకం అంటే ఒకటే మాట, ఫోను తిప్పి చూపించమనాలి. బీరువా అవతల ఏముందో బయటపడుతుంది. బుచ్చవ్వను పిలవలేదు, అయినా వచ్చి పీట వేసుకొని అందరికన్నా ముందు కూర్చుంది. మామ చొక్కా మార్చుకున్నాడు. కొత్త కోడలు చూస్తే బాగుండదు కదా అని అత్త కూడా కొంగు సర్దుకుంది, చాట మాత్రం ఒడిలోనే పెట్టుకుంది.

ఫోను మోగింది. అదే కోటు, అదే మీసం, వెనక అదే గులాబి రంగు పరదా.

"కొడుకా, ఫోను జర తిప్పు. నీ రూము సూపెట్టు" అంది అత్త, ఆకు మడుస్తూ.

"రూముల ఏముంటదమ్మా? గోడ."

"గోడనే సూపెట్టు."

"కంపెనీవోళ్ళు ఒప్పుకోరమ్మా. ఫైనేస్తరు."

"గోడ సూపెడితె ఫైనా?" అంది బుచ్చవ్వ. "మా మరిది బాత్రూము కూడ సూపెట్టిండు."

"గది వేరే కంపెనీ చిన్నమ్మా."

మామకు ఈ మాటలేవీ వినబడలేదు. కానీ ఆయన కళ్ళు ఫోను మీద గద్దలా వాలాయి.

"అగో! అగో సూడుండ్రి! మీరు అడుగంగనే వాడు జవాబు చెప్తలేడు. మీదికి సూస్తుండు. ఫోను వట్టుకున్నదాని మొఖం సూస్తుండు. అది సైగ చేస్తుంది, వీడు చెప్తుండు! సత్తీ, సూడవే!"

"నాకు ఇనవడుతనే ఉన్నది."

"ఇనుడు కాదే, సూడు!"

మామ ముందుకు వంగి, అత్త ఒడిలోంచి చాట లాగేశాడు. ఆకులు ఎగిరాయి. తంబాకు బుచ్చవ్వ మీద పడింది, ఆమె తుమ్ముల్లో పడిపోయింది. ఇంకోరోజైతే అత్త మామ వంశాన్ని పేరుపేరునా పిలిచి తిట్టేది. కానీ చాట లేని ఒడి ఎంత బోసిగా ఉందో ఏమో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు గాల్లో ఉంచి, తలెత్తింది.

ఫోను వైపు చూసింది.

"వీనికి గిన్ని మీసాలు ఎప్పుడొచ్చినయ్?" అంది.

ఫోనుకు ఇంకా దగ్గరికి వంగింది.

"ఎంత సిక్కిండో నా కొడుకు. బిర్యానీ అన్నడు, దవడలు లోపటికి వోయినయ్ గదా. నాకు చెప్పలేదేమయ్యా నువ్వు?" అని మామ వైపు తిరిగి, మళ్ళీ ఫోను వైపు తిరిగింది. కళ్ళు చిన్నవి చేసుకుంది. బీడీలో ఆకు చిల్లును పట్టే కళ్ళవి.

"గది నా చీర."

"ఏ చీర?" అన్నాను.

"గా పరద. సర్కారిచ్చిన బతుకమ్మ చీర. ఎలుక కొరికితె మూలకు పచ్చ గుడ్డతోని మాసిక ఏసి నవనీతకు ఇచ్చిన, పరద కట్టుకో బిడ్డా అని. అగో, మాసిక!"

సాగర్ మెల్లగా వెనక్కి తిరిగి పరదా వంక చూశాడు. ఆ పచ్చటి మాసిక వాడు కూడా అప్పుడే మొదటిసారి చూసినట్టుంది. ఫోను ఊపిరి తీయడం ఆపేసింది.

"నవనీతా!" అని అత్త అరిచింది. ఈ అరుపు మామకు కూడా వినబడింది. "ఫోను తిప్పే!"

ఫోను గిర్రున తిరిగింది. ముందు పైకప్పు కనబడింది. తర్వాత ఫ్యాను, దాని కింద పొయ్యి మీద కుక్కరు. కుక్కరు వెనక దాక్కోవడానికి వంగుతున్న లుంగీ ఒకటి, అది అల్లుడిది. చివరకు స్క్రీన్ నిండా ఒక ముక్కు వచ్చి, వెనక్కి జరిగి, నవనీత అయింది.

"అమ్మా..." అంది నవనీత. "తిన్నవా?"

బుచ్చవ్వ తుమ్ము ఆపుకొని, ఎంతో నిరాశగా, "అంటె ఫిలిప్పీన్స్ పిల్ల లేదా?" అంది.

"ఏమైంది? ఎవలది?" అని మామ నా భుజం కుదుపుతున్నాడు. "నవనీత మామా! సాగర్ కోరుట్లనే ఉన్నడు!" అని అరిచాను. మామ ఫోను చేతిలోకి తీసుకున్నాడు. చాలాసేపు చూశాడు. కోపంతో ఏమంటాడోనని అందరం ఆయన నోటి వైపే చూస్తున్నాం.

"ముందుగాల గా కోటు ఇప్పమను వాన్ని" అన్నాడు. "ఉక్కకు సస్తడు."

అవతల సాగర్ కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పాడు. కింద బనీను తడిసి ఒంటికి అతుక్కుపోయి ఉంది.

జరిగిందేమిటో తర్వాత నవనీత ముక్కలు ముక్కలుగా చెప్పింది. కంపెనీ మూతపడింది. జీతాలు ఇవ్వలేదు. చాలామందితో కలిసి సాగర్ కూడా ఖాళీ చేతులతో వచ్చేశాడు. హైదరాబాదులో కోరుట్ల పోయే బస్సు ఎక్కాడు, అది సిరిసిల్ల మీదుగానే పోతుంది. సిరిసిల్ల బస్టాండులో బస్సు ఆగింది. సాగర్ లేచి నిలబడ్డాడు. కిటికీలోంచి దండలు వేసిన ఆ జాగా కనబడింది. మళ్ళీ కూర్చున్నాడు. కోరుట్ల పోయి బావతో పందిళ్ళు కడుతున్నాడు. ఇంకో వీసా దొరికేదాకా, దొరికాక అక్కడి నుంచి అక్కడే పోయేదాకా, అమ్మాబాపులకు తాను దుబాయ్‌లోనే ఉండాలి. కోరుట్ల ఇంట్లో దుబాయ్‌లా కనబడేది ఆ ఒక్క మూలే. ఫోను కొంచెం ఎడమకు జరిగితే పొయ్యి, కుడికి జరిగితే కిటికీ, కిటికీలో బర్రె. అందుకే నవనీత ఊపిరి బిగబట్టి ఫోను పట్టుకునేది. ప్రతి ఆదివారం బర్రెను తోలడం అల్లుడి డ్యూటీ.

మర్నాడు పొద్దున్నే మామా, అత్తా, నేనూ బయల్దేరాం. మామ దేవుడి పటం వెనక నుంచి చెవి మిషను తీసి పెట్టుకున్నాడు. కొడుకు ఏం చెప్తాడో వినాలట. అత్త బస్సులో కూడా చాట ఒడిలో పెట్టుకుంది కానీ కోరుట్ల దాకా ఒక్క బీడీ కూడా చుట్టలేదు, కిటికీలోంచే చూస్తూ కూర్చుంది. వేములవాడ దగ్గర "గుట్ట గింత పెద్దగుంటదా?" అంది. బస్సు ఏ దారిన పోయినా అన్నాళ్ళూ ఆమె చూసింది ఆకులే.

నవనీత ఇంటి గడప దాటామో లేదో తల్లీకూతుళ్ళు మొదలుపెట్టారు.

"సముద్రమే నడుమ? సముద్రం ఏడుందే మీ కోరుట్లల?"

"వాడే ఒట్టేయించుకున్నడమ్మా! నన్నేం చెయ్యమంటవ్?"

"తల్లికి అబద్ధం చెప్పుమన్నడా? నేను ఇచ్చిన చీరనే పరద కట్టి నన్నే మోసం చేస్తవా?"

"నువ్వు ఒక్కపారన్న తలెత్తి సూస్తె గదా! నువ్వెట్లనూ సూడవనే కట్టిన!"

అల్లుడు మధ్యలోకి వచ్చి ఏదో అనబోయి ఇద్దరితోనూ తిట్లు తిన్నాడు. బర్రె కిటికీలోంచి తల పెట్టింది, ఈసారి దాన్ని తోలేవాళ్ళు లేరు. మామ చెవిలో మిషను ఒకటే కూత. ఆయన కాసేపు అటు విన్నాడు, ఇటు విన్నాడు. ముఖం చిట్లించాడు. మిషను తీసి జేబులో వేసుకున్నాడు.

తీసేసరికి ఆయనకు చప్పుడంతా పోయింది. అప్పుడు గదిని మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. నేనూ ఆయన చూసిన చోటికే చూశాను.

గులాబి రంగు పరదా పక్కన, వంటింటి గడప మీద, సాగర్ నిలబడి ఉన్నాడు. మీసం తీసేశాడు. చేతిలో చాయ్ ట్రే. ముందుకు రావాలా, వెనక్కి పోవాలా తెలియక, ఎప్పటి నుంచి అట్లా నిలబడ్డాడో. కళ్ళు నేల మీద. ట్రే వణికి గ్లాసులు ఒకదానికొకటి తగులుతున్నాయి. ఆ కొట్లాటలో ఎవరికీ అది వినబడలేదు, వినబడని మామే ముందుగా చూశాడు.

"ఓ సత్తీ! నవనీతా! ఆపుండ్రి!" అన్నాడు మామ. కోరుట్లంతా విని ఉంటుంది. "పిలగాడు ఎప్పటి సంది ట్రే వట్టుకొని నిలవడ్డడో సూసిండ్రా? వాని చేతులు గుంజయా? ఎవలన్న చాయ్ తీసుకోండ్రి!"

ఇద్దరూ నోళ్ళు మూశారు. అత్త తల తిప్పి కొడుకు వైపు చూసింది.

మామ తనే లేచి గడప దాకా పోయాడు. ట్రేలోంచి ఒక గ్లాసు తీసుకున్నాడు. సాగర్ కళ్ళెత్తకుండానే, "బాపు, సల్లారింది. వేడి చేసుకొస్త" అన్నాడు.

మీసం లేదు కాబట్టి మాట మామకు స్పష్టంగా కనబడింది.

"సల్లారనీయ్" అన్నాడు మామ, గ్లాసు ఎత్తి గటగటా తాగేశాడు. ఖాళీ గ్లాసు ట్రేలో పెట్టకుండా తన చేతిలోనే ఉంచుకొని, రెండో చేత్తో వాడి చేతిలోంచి ట్రే అందుకున్నాడు. "ఇగ నువ్వు కూసో."